అక్షరాలనుకుని చదివిన గొంతు

కొవ్వూరులో మా పేట చర్చి ఆఫీసు పని మెర్సీది. ఆరాధన క్రమం టైపు కొట్టడం, పాటలు అచ్చుకివ్వడం, బెంచీలు తుడవడం, అన్నీ ఆవిడే. భర్త ఎజ్రా క్వయర్ నడిపేవాడు. అబ్బో, ఏం గొంతు! "కాస్త తగ్గించండి, గోదావరి అవతలికి వినపడుతోంది" అని మెర్సీ వేళాకోళం చేసేది.

పోయిన వానాకాలం గుండె ఆగి అతను పోయాడు. అతను పాడగా రికార్డు చేసిన పాటలు ఆఫీసు పాత కంప్యూటర్లో తప్ప ఎవరి ఫోన్లోనూ లేవు. వింటే పని చేసుకోలేనని మెర్సీ వాటి జోలికి పోలేదు. అతని సంవత్సరీకం కూడికలో అందరితో కలిసి వినాలన్న ఆశ ఒక్కటే ఆవిణ్ణి నడిపించింది.

ఈలోగా ఆఫీసుకి కొత్త కంప్యూటరు వచ్చింది. పాతదాని పద్ధతి వేరు, దీని పద్ధతి వేరు. టైపు చేసిన పాటలు ఇటు తెస్తే పంక్తులన్నీ అతుక్కుపోయి పల్లవేదో చరణమేదో తెలియలేదు. కంప్యూటర్లు బాగుచేసే విజయ్ పాల్‌కి ఫోను చేసింది.

"ఫైళ్లు అటునుంచి ఇటు పంపే సాఫ్ట్‌వేర్లో టెక్స్ట్ అని పెట్టండక్కా. పంక్తి ఎక్కడ తెగాలో అదే సరిచేసుకుంటుంది" అన్నాడతను.

పెట్టింది. ముత్యాల్లా వచ్చాయి. ఆ సంబరంలో ఎజ్రా పాడినవాటినీ అలాగే పంపేసి, పాత కంప్యూటర్లో ఉన్నవన్నీ చెరిపించి దాన్ని బడికి ఇచ్చేసింది.

కూడిక ముందురోజు, వినిపించడానికి సిద్ధం చేద్దామని పాట నొక్కింది. గరగరమని చప్పుడు, అంతే. ఇంకోటి నొక్కింది. అదీ అంతే.

విజయ్ పాల్ పరుగున వచ్చి చూసి తల దించుకున్నాడు.

"వీటికి బైనరీ అని పెట్టాలక్కా, ఉన్నదున్నట్టు తెస్తుంది. టెక్స్ట్ అనేసరికి బావగారి గొంతునంతా అక్షరాలనుకుని చదివేసింది. చదవలేని చోటల్లా ప్రశ్న గుర్తు పెట్టేసింది."

"అయితే ఆ గుర్తులు తీసెయ్ బాబూ."

"తీసినా, అక్కడ ముందేముందో దానికీ తెలీదండి."

"ముందే చెప్పొచ్చు కదరా!"

"గొంతులు కూడా పంపుతారని నాకేం తెలుసక్కా..."

మర్నాడు కూడికలో అందరూ అచ్చుకాగితాలు చూసి ఎజ్రాకి ఇష్టమైన పాట అందుకున్నారు. బాగానే పాడారు. మెర్సీ పెదవి కదపలేదు. కళ్లు మూసుకుని, అన్ని గొంతుల మధ్య ఆ ఒక్క గొంతును తలచుకోబోయింది. ఎంత ప్రయత్నించినా చెవిలో ఆ గరగరే మోగింది.