శాంతవ్వ పాట మధ్యలో ల్యాప్‌టాప్

ఈరోజు ఎల్లారెడ్డిలో మా చర్చిలో మొదటిసారి గిటారును ల్యాప్‌టాప్‌కు కలిపి వాయించాను. మళ్లీ వాయించను.

కామారెడ్డి నుంచి కొత్తగా వచ్చిన, సౌండు చూసుకునే అతను సాఫ్ట్‌వేర్‌తో నా పాత గిటారుకు ఎకో పెట్టాడు. నేను ఒకసారి మీటితే అది నాలుగుసార్లు మోగేది. ఆరాధన పాటలకు ఇప్పుడు ఇదే పద్ధతి అన్నాడు.

దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల వేళకు బీడీలు చుట్టే శాంతవ్వ లేచింది. మనవడికి డెంగీ తగ్గినందుకు కృతజ్ఞతగా పాట ఎత్తుకుంది. ఆమె ఒక చరణాన్ని సాగదీస్తుంది, ఇంకోదాన్ని గబగబా ముగిస్తుంది. పన్నెండేళ్లుగా నేను ఆమె గొంతు వెనకే వాయిస్తున్నాను. ఎకో మాత్రం తన వేగంతోనే మోగింది. అవ్వ రెండుసార్లు తడబడి ఆగిపోయింది.

"అవ్వా, నువ్వు దీని స్పీడుకు పాడాలె" అన్నాడతను.

"నా మనుమని పానం దక్కిందని దేవునికి చెప్పుకుంటున్న బిడ్డా. నడుమ గిదేంది?" అంది అవ్వ.

నేను గిటారును ల్యాప్‌టాప్‌కు కలిపిన వైరు పీకేశాను.

"అన్నా, టోన్ మొత్తం పోతది!" అని అరిచాడు.

"పోనీ" అన్నాను.

అవ్వ మొదటి నుంచి పాడింది. నా గిటారు వెనక వరుసకు వినపడి ఉండదు. ఆమె పాట బయట చెప్పుల దగ్గర ఉన్నవాళ్లకూ వినపడిందట.

అతను అలిగి వెళ్లిపోయాడు. క్షమాపణ చెప్పమని ఇద్దరు చర్చి పెద్దలు నాకు ఫోన్ చేశారు. అతనికి చెప్పాలా, ల్యాప్‌టాప్‌కు చెప్పాలా? మీరే తేల్చండి.