మూల మీద ఎత్తని చెయ్యి

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ళకు చెప్పే గుండె ఉంటే ఈపాటికి ఎప్పుడో చెప్పేసేదాన్ని. కాలేజీలో ఉండగా ఒక అబద్ధం ఆడాను. అప్పటి నుంచీ దాన్ని మోస్తున్నాను. చెప్పడానికి గట్టిగా ఒక ఊపిరి కూడా పట్టని అబద్ధం. బరువు మాత్రం ఏటికేడాది పెరుగుతూనే ఉంది. అన్నీ కాలమే సర్దేస్తుందని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళుమంట.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నాచారంలో ఒక డిగ్రీ కాలేజీ, పేరు వద్దులెండి. మా కాలేజీలో అమ్మాయిలకు క్రాస్ కంట్రీ టీమ్ ఉండేది. అంటే గ్రౌండులో గుండ్రంగా తిరిగే పరుగు కాదు. మట్టి, కంకర, గుంటలు, గట్లు, ఏదొస్తే అది తొక్కుకుంటూ దూరం పోవడం. దసరా సెలవులు కాగానే ప్రాక్టీసు మొదలయ్యేది. కాలేజీ వెనక గేటు నుంచి ఫ్యాక్టరీ గోడల మధ్య సందులు, అక్కడి నుంచి చెరువు గట్టు, గట్టు దిగితే రాళ్ళు పాతి వదిలేసిన ప్లాట్లు, మళ్ళీ కాలేజీ. పొద్దున్నే ఆ ఫ్యాక్టరీల వాసన తగిలితే ముక్కు మూసుకునేదాన్ని. నెల తిరిగేసరికి అదే వాసన లేకపోతే ఏదో వెలితిగా ఉండేది. ముందు రోజు ఎవరింట్లో ఏం మిగిలితే అది డబ్బాలో పెట్టుకుని వచ్చి, పరుగయ్యాక మెట్ల మీద కూర్చుని అందరం ఒకే డబ్బాలో చేతులు పెట్టి తినేవాళ్ళం. అంత సంతోషంగా మళ్ళీ ఎక్కడా తినలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే నమ్మరు.

ఆటలు చూసే మా పీడీ సార్ పెట్టిన పద్ధతి ఒకటుంది. మా దారికి గుర్తులుండవు. కార్తీకంలో మంచు దిగిందంటే ముందు పోయే మనిషి కనబడదు. అందుకని దారి మళ్ళే ప్రతి మూల మీదా ముందున్న అమ్మాయి ఆగాలి. చెయ్యి పైకెత్తి నిలబడాలి. వెనకొచ్చే అమ్మాయి మంచులోంచి బయటపడి ఆ చేతిని చూసేదాకా కదలకూడదు. ఆమె చూశాకే మళ్ళీ పరుగు. దాన్ని మేం 'మూల నిలబడుడు' అనేవాళ్ళం. పరుగెత్తడం కంటే అదే కష్టం. ఊపిరి తప్పుతుంది, చెమట చల్లారి పిక్కలు పట్టేస్తాయి, కష్టపడి సంపాదించుకున్న దూరం కళ్ళముందే కరిగిపోతుంది. అయినా అందరం నిలబడేవాళ్ళం. ఎవరైనా మనిషి మంచిది కాదని చెప్పాలంటే మా టీమ్‌లో తిట్లు అక్కర్లేదు. 'అది మూల నిలబడదు' అంటే చాలు.

ఆ టీమ్‌లో స్వరూప ఉండేది. చిల్కానగర్‌లో ఇల్లు. వాళ్ళ నాన్న జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో చేస్తుండేవాడు. ఆమెకు ఒకటే కోరిక, బడిలో పీఈటీ మేడమ్ కావాలని. మెడలో విజిల్ వేసుకుని పిల్లలను ఉరికించాలని. దానికి చదవాల్సిన కోర్సులో మామూలు సీటు తనకు రాదని ఆమెకు తెలుసు. యూనివర్సిటీ మీట్‌లో పరుగెత్తిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో వస్తుంది. ఆమె పరుగంతా దానికోసమే.

మరి నా పరుగు దేనికోసం? ఎన్నిసార్లు అడుక్కున్నా జవాబు చిన్నదే వస్తుంది. ట్రాక్ సూట్ కోసం. మీట్‌కు పోయేవాళ్ళకు మెరూన్ రంగుది ఇచ్చేవాళ్ళు, వీపు మీద కాలేజీ పేరుతో. అది వేసుకుని ఉప్పల్లో మా వీధిలోకి నడిచి రావాలని నా సరదా. మా నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా, కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాం. నాకు ఏ కోటా అక్కర్లేదు. మా అన్నయ్య నన్ను 'పరుగులరాణి' అని ఏడిపించేవాడు, వాడి నోరు మూయించాలి. అంతే. ఒక మనిషి బతుకు పక్కన నిలబెట్టి చూస్తే ఇదీ నా కారణం.

మీట్‌కు పోయే టీమ్‌లో చివరికి ఒక్క చోటు మిగిలింది. నేను గానీ, స్వరూప గానీ. ఆదివారం పరుగులో మీ ఇద్దరిలో ఎవరు ముందొస్తే వాళ్ళు అన్నారు సార్. ఆ రోజు బంద్. బస్సుల్లేవు. దూరం నుంచి వచ్చేవాళ్ళు రాలేదు. స్వరూప చిల్కానగర్ నుంచి నడిచి వచ్చింది. వచ్చేసరికి సార్ దారి చెప్పడం అయిపోయింది. ముందు వారం వానలకు చెరువు గట్టు తెగి నీళ్ళు నిలిచాయి, అందుకని గట్టెక్కకుండా మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ దగ్గరే ఎడమకు మళ్ళాలి. స్వరూప రొప్పుతూ వచ్చి నా పక్కన నిలబడి, కొత్త దారి ఏందని అడిగింది. గోడ దగ్గర మూల మీద నేనుంటాగా, నా చెయ్యి చూడు చాలు, అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఏ పాడు ఆలోచనా లేదు. ఇది నిజం. ఇది నిజం కావడం వల్ల ఇప్పుడు ఎవరికి లాభం?

స్వరూప డీజిల్ ఆటో లాంటిది, వేడెక్కడానికి టైము పడుతుంది. మొదట్లో ఎప్పుడూ నేనే ముందుండేదాన్ని. చివరి ప్లాట్లలోకి వచ్చాక ఆమె నన్ను దాటేది. ప్రతిసారీ అంతే. ఆ రోజు కూడా సీనియర్లు ముందు, వాళ్ళ వెనక నేను, నా వెనక స్వరూప. ఆమె వెనక ఇంకెవరూ లేరు. మంచు దట్టంగా ఉంది. గోడ దగ్గరికి వచ్చేసరికి నా ముందున్న సీనియర్ అక్క చెయ్యెత్తి నిలబడి ఉంది, నాకోసం. ఆ చెయ్యి చూశాను. ఆమె మళ్ళీ పరుగందుకుని మంచులో కలిసిపోయింది. నేను మూల మీదికి వచ్చాను. వెనక స్వరూప బూట్ల చప్పుడు వినబడుతోంది. చాలా దగ్గరగా. ఇక్కడ ఆగితే వచ్చి కలుస్తుంది. కలిస్తే ప్లాట్లలో దాటేస్తుంది. ఇంత ఆలోచించానా అప్పుడు? ఆలోచించానో, తర్వాత ఇన్నేళ్ళూ ఆలోచించి అప్పుడే ఆలోచించినట్టు అతికించుకున్నానో నాకే తెలియదు. కాళ్ళు ఆగలేదు. 'కాళ్ళు ఆగలేదు' అని ఎలా రాస్తున్నానో చూడండి, కాళ్ళేవో పక్కింటివాళ్ళవైనట్టు. నేను ఆగలేదు. చెయ్యెత్తలేదు. ఎడమకు మళ్ళి పరుగెత్తాను. నా వెనక ఆ బూట్ల చప్పుడు తిన్నగా గట్టు వైపు పోవడం విన్నాను. విని కూడా పిలవలేదు.

ఆమె మోకాళ్ళ దాకా బురదతో, అందరం టిఫిన్ డబ్బాలు తెరిచాక వచ్చింది. తెగిన గట్టు దాకా పోయి, నీళ్ళలో దిగి, దారి తెలియక వెనక్కి తిరిగి వచ్చింది. సార్ నన్ను అడిగారు. నేను చెప్పాను: "నిలబడ్డాను సార్. చెయ్యెత్తాను. తను కనిపించేదాకా ఉన్నాను. తనే చూడలేదు."

స్వరూప నా వైపు చూసింది. కోపంగా కాదు. అర్థంకాక చూసింది. ఏదో చెప్పబోయి తడబడింది. సార్‌ది మా జిల్లానే. నా మాట పుస్తకంలో మాటలా గడగడా వచ్చేది, సార్ ముందు ఆమె మాట గొంతులోనే ఉండిపోయేది. ఆ రోజుల్లో ఎవరి మాటకు ఎంత విలువో ఊరంతా గొడవపడుతుంటే, మా కాలేజీ మెట్ల మీద నా మాట ఒక్క ప్రశ్న లేకుండా చెల్లిపోయింది. మూల చూడని పిల్ల టీమ్‌కు పనికిరాదన్నారు సార్. అంతటితో అయిపోయింది. మెట్ల మీద ఆమె కోసం ఎవరూ పక్కకు జరగలేదు. నా కోసం నిలబడిన ఆ అక్క కూడా.

తర్వాతి వారం స్వరూప ఉప్పల్ బస్టాండులో కనిపించింది. తనే వచ్చి పలకరించింది. వాళ్ళ నాన్న పనికి సెలవు పెట్టి ఆమెను ఎక్కడికో తీసుకెళ్ళి తీసుకొస్తున్నాడు, అవతల చాయ్ బండి దగ్గర ఉన్నాడు.

"కండ్ల దవాఖానకు పోయొచ్చినమే," అంది.

"ఏమన్నారు?"

"కండ్లు మంచిగనే ఉన్నయన్నరు. అద్దాలు గిట్ల ఏం వద్దన్నరు." నాకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. "మరి నువ్వు చెయ్యెత్తి నిలబడితివి గదా. నీ వెనకనే ఉంటి నేను. గంత దగ్గర మనిషిని ఎట్ల సూడకపోతినే?"

"మంచు కదా," అన్నాను.

"మంచే గావొచ్చు." తల ఊపింది. నా మొహంలో ఏం కనిపించిందో, నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వేం ఫికర్ జెయ్యకు. తప్పు నాది. నువ్వెందుకు మొహం గట్ల పెట్టుకుంటవ్? మంచిగ ఉరుకు, పో."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. మీట్ ఇంకా కాలేదు. సార్ దగ్గరికి పోయి ఒక్క మాట చెబితే ఆ చోటు ఆమెకు దక్కేది. నేను నా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. వాళ్ళ నాన్న చాయ్ గ్లాసు కూతురి చేతికి ఇవ్వడం చూశాను.

మీట్‌లో నేను ఎక్కడో వెనక వచ్చాను. సర్టిఫికెట్ ఇచ్చారు, పరుగెత్తిన అందరికీ ఇచ్చినట్టే. ట్రాక్ సూట్ వేసుకుని మా వీధిలో నడిచాను. మా అన్నయ్య ఊళ్ళో లేడు. ఆ బట్టలు రెండో ఉతుక్కే రంగు దిగాయి, సర్టిఫికెట్‌తో ఇంతవరకూ నాకు ఒక్క పని పడలేదు. స్వరూప ఆ ఏడాదితో కాలేజీ మానేసింది. దానికి వేరే కారణాలు కూడా ఉండే ఉంటాయి. ఆ 'వేరే కారణాలు' అన్న మాటను పట్టుకుని కొన్నేళ్ళు నిద్రపోయాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది, మా అన్నయ్య కూతురిని దమ్మాయిగూడలో ఒక బడిలో చేర్చారు. ఒక పొద్దున దాన్ని దింపడానికి నేను పోయాను. బడి పక్క ఖాళీ స్థలంలో పిల్లలు పరుగెడుతున్నారు. వాళ్ళతో ఒకామె, ఆయా కట్టుకునే నీలం చీర, చెంగు బొడ్లో దోపుకుని. స్వరూప. నన్ను ఆమే ముందు గుర్తుపట్టింది. గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. పీఈటీ సార్ వేరే ఉన్నాడట, ఆయన రాని రోజుల్లో పిల్లలను తనే ఉరికిస్తుందట. ఎంత సంతోషంగా చెప్పిందో. మెడలో విజిల్ లేదు.

మాట్లాడుతూనే పిల్లలను చూస్తోంది. అప్పుడు గమనించాను. పిల్లలు మూల మూలకూ ఆగుతున్నారు. చెయ్యెత్తి కాదు, చెయ్యి చాచి. వెనకొచ్చే పిల్ల ఆ చేతిని ముట్టాకే ముందు పిల్ల కదులుతోంది. ఇదేంటని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆమె పిల్లలను పిలిచి నా చుట్టూ నిలబెట్టింది.

"మూల కాడ చెయ్యి సూసుడు కాదు, ముట్టాలె అని చెప్తుంట గదా," అంది వాళ్ళతో. "గీ అక్క అప్పుడు మంచుల నా కోసం చెయ్యెత్తి నిలబడ్డది. నేనే సూడలేదు. కండ్లను నమ్మొద్దు బిడ్డా."

పిల్లలందరూ నన్ను చూశారు, మంచి మనిషిని చూసినట్టు. నేను నవ్వాను. ఒక పిల్ల తల నిమిరాను కూడా.

ఆ రోజు నుంచే ఇది రాయాలనుకున్నాను. కాలేజీలో ఆడిన అబద్ధానికి భయం ఒక సాకు. దమ్మాయిగూడలో నాకు ఏ భయం? ఎవరు ఏం చేస్తారు నన్ను? అయినా నవ్వాను. ఆమె సీటు పోయింది, ఆమె విజిల్ పోయింది, అవి నేను తెచ్చి ఇవ్వలేను. కానీ తన కళ్ళ మీద తనకున్న నమ్మకం, అది ఒక్క మాటతో తిరిగి వచ్చేది. ఆ ఒక్క మాట నా దగ్గరుంది. దాచుకుని ఇంటికి వచ్చేశాను. తర్వాత మా అన్నయ్య కూతురిని దింపే పని మళ్ళీ ఒప్పుకోలేదు.

ఇప్పుడైనా ఏం చేస్తున్నాను? మీకు చెబుతున్నాను, ఆమెకు కాదు. స్వరూప ఆమె అసలు పేరు కూడా కాదు. ఇది ఆమె చేతికి వచ్చినా తన సంగతేనని తెలియకుండా అక్కడా ఇక్కడా మార్చాను. ఇందులోనూ దాక్కున్నాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, మీ చేతిలో లేదది. వెళ్ళి చెబుతానని మాట ఇవ్వను, నేనిచ్చిన మాట విలువ మీరు చదివారు. ఒక్కసారి నిజాన్ని నా చేత్తో రాసి కళ్ళారా చూసుకోవాలని ఉంది, అంతే. గుండెల మీద రాయి కాస్త కదిలినట్టుంటుందేమో, ఒక్క పూట.

ఆ పొద్దున ఆ మూల మీద ఎవరూ నిలబడలేదు. ఆమె కళ్ళు ఉన్నది ఉన్నట్టే చూశాయి.