తొలి గడి

మొన్న టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉండి డాక్టరు దగ్గరికి వెళ్తే, నర్సు నా వేలికి క్లిప్పు తగిలించింది. చల్లగా తగిలింది. ఆక్సిజన్ తొంభై ఏడు చూపించగానే బాగుందని నవ్వింది. "హాంబర్గ్, సముద్రమట్టం" అని నాలో నేనే గొణుక్కున్నాను. ఈ పిచ్చి నాకు సత్యం సార్ అంటించింది.

ఆయనది వరంగల్ పక్క. ఇక్కడ హాంబర్గ్‌లో ఒక పరిశోధనశాలలో, ఎత్తైన కొండల్లో బతికేవాళ్ల గుండె, ఊపిరితిత్తుల మీద పనిచేసేవారు. ఏటా లదాఖ్ వెళ్లి పశువుల కాపర్ల ఇళ్లలో కూర్చుని, వాళ్ల రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేవారు. మాస్టర్స్ చదువుతూ ఆయన దగ్గర పనికి చేరిన మొదటి వారమే నాకు చీవాట్లు పడ్డాయి. నోటుపుస్తకంలో అంకెలన్నీ ఎక్కించాను గానీ, తొలి గడిలో ఆ ఊరి ఎత్తు రాయలేదు.

"ఉత్త అంకె రాస్తే అబద్ధం రాసినట్టేనమ్మా! ఎనభై ఆరుతోని ఆ కొండ మీద మనిషి జడలబర్రెలను తోలుకపోతడు. గదే ఎనభై ఆరు హాంబర్గ్‌ల వస్తే అంబులెన్స్ పిలువాలె. ముందు మనిషి ఏడున్నడో అడుగు."

మిషన్‌ను నమ్మొద్దు, అచ్చయినదాన్నీ నమ్మొద్దు, అనుమానించడమే చదువు అనేవారు. తనను అనుమానించమని మాత్రం ఏనాడూ అనలేదు. సార్ మాటకు ఎదురు చెప్పకూడదని నేనూ ఇంటి దగ్గరే నేర్చుకుని వచ్చాను.

కరోనా రెండో చలికాలంలో ఆయనకు పాజిటివ్ వచ్చింది. ఒక్కరే ఉండేవారు. ఫోన్ చేశాను.

"ఎంత చూపిస్తుంది సార్?"

"ఎనభై ఆరు. ఆయాసం గూడ లేదు. పరేషాన్ గాకు, మా కొండోళ్లు గింతతోనే బతుకుతరు."

"అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యమంటారా?"

"ఇరవై ఏండ్ల సంది ఈ అంకెలే చూస్తున్న. నాకు చెప్తవా?"

కొండవాళ్ల ఒంటికి అది తరతరాల అలవాటు. ఈయన అప్పుడున్న ఎత్తల్లా నాలుగో అంతస్తు. ఆ మాట నాకు తెలుసు. అయినా "మీకు తెలియనిదేముంది సార్" అని పెట్టేశాను.

మర్నాడు ఫోన్ ఎత్తలేదు. అప్పుడు పిలిచాను అంబులెన్స్‌ను. తలుపు పగలగొట్టి తీసుకెళ్లారు. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉండి చనిపోయారు. చూడనివ్వలేదు. పోయినవాళ్ల మీద కోపం ఉండకూడదంటారు. నాకుంది. నా మీద అంతకు రెట్టింపు ఉంది.

ఆయన మంచం పక్కన దొరికిన నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. గంటగంటకూ రాసుకున్నారు, ఎనభై ఆరు, ఎనభై నాలుగు, ఎనభై ఒకటి. తొలి గడి మాత్రం ఖాళీ. "మీరెక్కడున్నారు సార్?" అని నేను అడగాల్సింది. ఆయన నాకు నేర్పింది ఆ ఒక్క ప్రశ్నే.