రాబందుల కోసం సంతలు తిరిగిన ముయె

భోపాల్‌పట్నం అవతల అడవి అంచు ఊళ్లో దోర్లా తెగ రైతు లక్మా కూతురు ముయె. వాగు ఒడ్డున తెల్లమద్ది చెట్ల మీద రాబందుల గూళ్లు చూస్తూ పెరిగిన పిల్ల. వాటి చావు తన ఇంటి నుంచే వెళుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆ ఏడు లక్మా ఎద్దుకు కాలు వాచింది. నొప్పికి సూది వేయించినా బతకలేదు. కళేబరాన్ని వాగు అవతల పడేస్తే రాబందులు దిగాయి. తర్వాత అవి మెడలు వాల్చి, ఒక్కొక్కటే కొమ్మల మీంచి రాలిపోసాగాయి. పశువుల డాక్టరు రాజ్యశ్రీ చచ్చిన పక్షిని పరీక్ష చేయించి, ఎద్దుకు వేసిన మందే వాటిని చంపుతోందనీ, హాని చేయని మందు వేరే ఉందనీ చెప్పింది.

ముయె ఇంట్లో ఆ మాట ఎత్తితే లక్మా మండిపడ్డాడు.

"ఎద్దు నొప్పికి మూలుగుతుంటే సూది ఏపియ్యకుండ ఊకుంటరా ఎవరన్న?"

"వద్దంటలేనయ్యా. వేరే సూది ఏపిద్దామంటున్న."

మర్నాడు ముయె సైకిలెక్కి మందుల దుకాణం శ్రీరంగం దగ్గరికి వెళ్లింది.

"అందరూ పాతదే అడుగుతరు బిడ్డా. పక్షుల కోసం గిరాకీ పోగొట్టుకోమంటవా ఏంది?" అన్నాడాయన.

"ఒక్కపాలి మా ఊరికొచ్చి సూడు సేఠ్."

ఆ ఆదివారం శ్రీరంగం బండి మీద వచ్చాడు. చెట్టు కింద ఒక రాబందు రెక్కలు పరిచి పడి ఉంది. ఎత్తబోతే దాని మెడ నిలవలేదు. ఆయన పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఇది నేనమ్మిన సూది పనేనా?"

ముయె తలూపింది. ఆ వారమే ఆయన కొత్త మందు తెప్పించి, పశువులకు పాతది అమ్మడం మానేశాడు.

జనాన్ని ఒప్పించడమే కష్టమైంది. ముయె సంతలన్నీ తిరిగి దోర్లీలో, గోండీలో, హిందీలో చెప్పింది. పీనుగుల్ని తినేవాటి మీద అంత ప్రేమేందని నవ్వారు. "అవి లేకుంటే ఆ కుళ్లు, ఆ కంపు మనకే గదా" అనేది. రెండో ఎద్దు జబ్బుపడ్డప్పుడు లక్మా తనంతట తానే కొత్త మందు కోసం బయల్దేరాడు.

పోయిన ఏడు, పలు దేశాల్లో అంతరించిపోతున్న జీవులను కాపాడే యువతకిచ్చే సన్మానం ముయెకు దక్కింది. జగదల్‌పూర్ సభలో శాలువా కప్పి మాట్లాడమంటే ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆమె తండ్రి వైపు చూసింది. ముందు వరుసలోంచి లక్మా లేచాడు.

"నా ఎద్దు సంగతి కాడ మొదలువెట్టు బిడ్డా!"

సభంతా నవ్వింది. ముయె కూడా నవ్వి, చెప్పడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఇంద్రావతి అవతలి ఊళ్లవాళ్లు కూడా ఆమెను రమ్మని పిలుస్తున్నారు. ఈ ఎండాకాలం రెక్కలొచ్చిన రాబందు పిల్లలు నది దాటి ఎగరడం నేర్చుకుంటున్నాయి.