డజను షన్‌లూ ఒక రేకు పెట్టె

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు వచ్చని నాకంటే గట్టిగా నమ్మిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన మా కరస్పాండెంట్ సార్. కోదాడలో ఒక చిన్న ప్రైవేటు బడి ఆయనది. కింద ఎరువుల కొట్టు, పైన మేము. డిగ్రీ అయిపోయి మిర్యాలగూడ నుంచి వచ్చి అక్కడ ఇంగ్లీషు టీచరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. నా గొప్పతనమల్లా ఒక్కటే. ఒకే తోకతో ముగిసే ఇంగ్లీషు మాటలను ప్రాస కుదిరేట్టు గడగడా అప్పజెప్పగలను. ఇంటర్వ్యూలో నీ బలం ఏమిటని అడిగితే "డెడికేషన్, డిటర్మినేషన్, మోటివేషన్ సార్" అన్నాను. సార్ కళ్లు మూసుకుని విని, "ఇంకొక్కసారి అనమ్మా" అన్నారు. అన్నాను. ఉద్యోగం వచ్చేసింది. (ఆ మూడింటిలో నా దగ్గర నిజంగా ఎన్ని ఉన్నాయని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.)

ప్రైవేటు బడుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు, ఎండాకాలం సెలవులు పిల్లలకే గానీ టీచర్లకు కాదని. మేము చేతినిండా పాంప్లెట్లు పట్టుకుని ఊళ్ల మీద పడాలి. గడప గడపా ఎక్కి పిల్లల్ని మా బడిలో చేర్పించమని బతిమాలాలి. ఆ ఏడు సార్ ఒక షరతు కూడా పెట్టారు. పది అడ్మిషన్లు తెచ్చినవాళ్లకే జూన్‌లో క్లాసులు, తేలేనివాళ్లు ఇంటికే. ఇల్లంటే నాకు మిర్యాలగూడలో మా అమ్మ, ఆమె చూసి పెట్టిన సంబంధాలు. కాబట్టి ఆ పది అడ్మిషన్ల కోసం నేను ఎండలో ఎంత దూరమైనా నడవడానికి సిద్ధంగా ఉన్నాను.

ముందు పాంప్లెట్ తయారు కావాలి. అదే వీధిలో ఉన్న ఇంకో బడివాళ్లు అప్పటికే తమది వేయించారు. దాన్ని చూసి మా సార్‌కు ముద్ద దిగలేదు. "ఏంటమ్మా ఇది? వాళ్లు ఆరు షన్‌లు వేశారు చూడు. మనకి డజను కావాలి. ఒక్కటి తగ్గినా నేనొప్పుకోను" అన్నారు. నేను అట్ట చిరిగిన డిక్షనరీని ఒళ్లో పెట్టుకుని వేటకు దిగాను. బస్సులో వెతికాను, అన్నం వార్చుతూ వెతికాను. దొరికినవన్నీ పనికొస్తాయా? ఆపరేషన్ అంటే ఆస్పత్రి గుర్తొస్తుంది. కరప్షన్ అసలే కుదరదు. పోనీ 'మెంట్' తోక పట్టుకుందామంటే మొదటే పనిష్‌మెంట్ తగిలింది. 'నెస్' అంటే సిక్‌నెస్. మళ్లీ షన్ దగ్గరికే వచ్చి ఎడ్యుకేషన్, కాన్సంట్రేషన్, కమ్యూనికేషన్, ఇమాజినేషన్, రిక్రియేషన్ అంటూ ఎలాగోలా పదకొండు పోగేసి, పన్నెండు అయ్యాయనుకుని సూర్యాపేటలో ప్రెస్సుకు పంపించాను.

మర్నాడు ప్రెస్ అన్న ఫోను చేశాడు. "మేడమ్, ఎడమ దిక్కు ఆరు పడ్డయి, కుడి దిక్కు అయిదే ఉన్నయి. ముక్కుపుడక పడిపోయిన ముక్కు లెక్క బోసిగ కొడుతుంది. మిషన్ ఆపి కూసున్న, జర ఒకటి సెప్పుర్రి. పొడుగుదైతే మంచిగ నిండుతది" అన్నాడు. నాకు ఆ క్షణాన బుర్రలో ఉన్న షన్‌లన్నీ ఎగిరిపోయాయి. డిక్షనరీ 'ఎ' అక్షరం దగ్గరే తెరిచి ఉంది. అందులో పొడుగ్గా కనబడినదాన్ని పట్టుకుని "అకామడేషన్" అన్నాను. "అబ్బ, సరిగ్గ సరిపోయింది మేడమ్" అన్నాడు. సార్ అచ్చు చూసుకుని, వేలు పెట్టి పన్నెండూ లెక్కపెట్టి మురిసిపోయారు. అంతటితో ఆగక, ఆ పన్నెండు మాటలనూ తన సొంత గొంతుతో రికార్డు చేయించి, మైకు కట్టిన ఆటోను ఊళ్లన్నీ తిప్పించారు.

నేను తొమ్మిది అడ్మిషన్లు తెచ్చాను. ఒక్కటి మిగిలింది. మే నెల ఆఖరుకు గరిడేపల్లి దాటి, కాలువ కట్ట మీద నడిచి ఒక తండాకు చేరాను. ఒక ఇంటి ముందు తల్లీ తండ్రీ కూర్చుని ఉన్నారు. వాకిట్లో గుంజ పట్టుకుని పదేళ్ల పిల్ల నిలబడింది. నేను అలవాటుగా పాంప్లెట్ తీసి పన్నెండూ లయగా చదివాను. అంతవరకూ ఎవరూ ఏ మాటకూ అర్థం అడగలేదు, మోతకే తలూపేవాళ్లు. ఈ తండ్రి మాత్రం కాగితం మీద వేలు పెట్టి, "సదువు రాదు మేడమ్ నాకు. అన్నిట్ల గీ ఆఖరుది పొడుగున్నది. గిదేంది?" అన్నాడు. టీచరును ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే ఇంకేమీ ఆలోచించదు కదా. "అకామడేషన్ అంటే ఉండడానికి వసతి. గది, పడక, అలాంటివి" అని చెప్పాను. "తిండి గూడనా?" అన్నాడు. "ఒక్కోచోట తిండి కూడా వస్తుంది" అన్నాను, డిక్షనరీలో ఇచ్చిన రెండో అర్థం గుర్తొచ్చి. ఆయన భార్యతో వాళ్ల భాషలో రెండు మాటలు మాట్లాడి, "అయితే మా పిల్ల పేరు రాసుకోర్రి" అన్నాడు. పదో అడ్మిషన్! ఆ సంతోషంలో కాలువ కట్ట మీద కాళ్లు నేలకు ఆనకుండా నడిచాను.

జూన్‌లో బడి తెరిచిన రోజు మొదటి గంట కొట్టబోతుండగా మెట్ల మీద ఠంగుమని చప్పుడైంది. తొంగి చూశాను. ఆ తండ్రి కొత్త నీలిరంగు రేకు పెట్టెను భుజం మీద మోసుకొస్తూ గోడకు తగిలించాడు. వెనకాల తల్లి, ఆమె తల మీద బియ్యం మూట. ఆ వెనక పిల్ల, చంకలో చాప, చేతిలో బకెట్టు, బకెట్లో మగ్గు, మగ్గులో మామిడికాయ పచ్చడి సీసా. నా తెలివి చూడండి, "ఏదైనా ఊరు వెళ్తున్నారా?" అని అడిగాను.

"ఊరెందుకు మేడమ్? గీడికే వచ్చినం. హాస్టల్ ఏ దిక్కు?" అన్నాడు.

నా చేతిలోని చాక్‌పీసు కింద పడి రెండు ముక్కలైంది. ఇంతలో సార్ వచ్చి "ఏ హాస్టలు?" అన్నారు. తండ్రి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పాంప్లెట్ తీసి ఇచ్చాడు. సార్ అలవాటు కొద్దీ పైనుంచి రాగంతో చదువుకుంటూ వచ్చారు. పన్నెండో మాట దగ్గర రాగం తెగిపోయింది.

నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశారు. "ఏంటమ్మా ఇది? మనకి హాస్టలుందా?"

"లేదు సార్. మీరే చూసి ఓకే అన్నారు."

"నేను డజను ఉన్నాయా లేదా అని లెక్కపెట్టానమ్మా! అవన్నీ మన దగ్గరున్నాయా అని ఎవడన్నా చూస్తాడా?" అని కుర్చీలో కూలబడ్డారు. వెంటనే మళ్లీ లేచి, "మైకులో చదివింది కూడా నేనేగా!" అని తల పట్టుకున్నారు. ఆ తర్వాత మెల్లగా కిటికీ రెక్క తీసి, ఇంకెవరైనా పెట్టెలు మోసుకొస్తున్నారేమోనని రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశారు. ఎవరూ లేకపోయేసరికి కొంచెం తేరుకుని, "వచ్చే ఏడు కడతామని చెప్పి పంపించెయ్యి. పోతే ఒక్క అడ్మిషనేగా" అన్నారు.

ఆ ఒక్కటే నా పదోది. సిగ్గుపడాల్సిన సంగతే గానీ చెప్పేస్తాను. తలుపు తీసుకుని బయటికి వచ్చేటప్పుడు నేను ఆ పిల్ల గురించి ఆలోచించలేదు. నా ఉద్యోగం గురించి, మిర్యాలగూడ బస్సు గురించి ఆలోచించాను. చెప్పాల్సిన అబద్ధాన్ని నోట్లో సిద్ధం చేసుకున్నాను కూడా.

అప్పటికి పిల్ల టీసీ కాగితం కోసం పెట్టె తెరిచింది. మూత లోపలి వైపు మైదాపిండితో మా పాంప్లెట్ అతికించి ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఎడ్యుకేషన్ నుంచి మొదలుపెట్టి పన్నెండూ అప్పజెప్పింది. అచ్చం నా లయ, నేను ఊపిరి పీల్చుకున్న చోటే తనూ పీల్చుకుంది. ఆఖరిదాన్ని మాత్రం కొంచెం గట్టిగా పలికి, "మన గది ఏది టీచర్?" అంది.

తండ్రి కండువాతో మొహం తుడుచుకుంటూ అన్నాడు. "రేపు మేమిద్దరం హైదరాబాద్‌ల బిల్డింగు పనికి పోతున్నం మేడమ్. ఇంటికాడ ముసల్ది ఒక్కతే, దానికే సూపు ఆనదు. పిల్లను మా ఎంబడి తోలుకపోతే ఇటుకలు మోసుడే, సదువు ఖతం. గా దినం మీరు వసతి ఉన్నదని సెప్పంగనే పానం లేసొచ్చింది."

"రండి, చూపిస్తాను" అంది ఎవరో. ఆ గొంతు నాదే. విని అందరికంటే ముందు నేనే అదిరిపడ్డాను. నా వెనక సార్ "అమ్మా, అమ్మా..." అంటూనే ఉన్నారు.

రెండు వీధుల అవతల నా కిరాయి గది. ఒక మంచం, ఒక స్టవ్వు, దండెం మీద నా నాలుగు చీరలు. పెట్టె దించాక ఇక దాచలేకపోయాను. "ఇది హాస్టలు కాదండీ, నేనుండే గది. మా బడికి హాస్టలు లేదు. ఆ మాట కాగితంలో ఖాళీ నింపడానికి నేనే పెట్టాను. తప్పు నాదే" అని చెప్పాను. ఆయన కాసేపు గోడల వంక చూశాడు. తిడతాడనుకున్నాను. "హాస్టల్ అంటే ఎవ్వరుంటరో ఏమో అని రాత్రంత మా ఇంటామెకు నిద్ర లేదు. మీ ఇల్లయితే ఇగ మాకేం పరేషాన్ మేడమ్?" అన్నాడు. ఆమె అప్పుడే నవ్వి, బియ్యం మూట నా స్టవ్వు పక్కన దించింది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఇంటి ఓనరమ్మ సాయంత్రం వచ్చి "కిరాయికిచ్చింది నీ ఒక్కదానికి కదమ్మా, ఈ పెట్టె ఎక్కడిది?" అంది. అప్పటి నుంచి మా వీధిలో ఆ పిల్ల పేరు పెట్టెపిల్ల. మా అమ్మ ఫోనులో "నీకే సక్కగ వండుకోరాదు, ఇంగో పిల్లనా? ఎవ్వలనడిగి సేసినవే గీ పని?" అని అరిచి, మూడో రోజుకల్లా మిర్యాలగూడ నుంచి ఒక పెద్ద గిన్నె, రెండు దుప్పట్లు పట్టుకుని దిగింది.

పెట్టెపిల్ల ఏడాది నా దగ్గర ఉంది. స్నానం చేసి పెట్టె ముందు కూర్చుని రోజుకొక మాటకు అర్థం అడిగేది. అంతటితో ఊరుకోదు. "రిక్రియేషన్ అంటే ఆడుకునుడా? మన బడిల జాగ ఉందా టీచర్?" లేదు. "ట్రాన్స్‌పోర్టేషన్?" సార్ స్కూటరుంది. "కంప్యూటరైజేషన్?" ఒకటుంది, దుప్పటి కప్పి, బొట్టు పెట్టి, తాళం వేసి. లేదన్న మాట మీదల్లా పెన్సిల్‌తో గీత కొట్టేది. నేను ఇంటర్వ్యూలో చెప్పిన మూడింటి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నా మొహం వంక చాలాసేపు చూసి, ఏ గీతా కొట్టకుండా పెట్టె మూసేసింది. మరుసటి ఏడు పాంప్లెట్ రాసేటప్పుడు మా సార్ ఒక్కో మాటకూ "ఇది మన దగ్గరుందా అమ్మా?" అని అడిగారు. ఆ ఏడు డజనులో మూడే మిగిలాయి. అదే ఏడు పెట్టెపిల్లకు గురుకులంలో సీటొచ్చింది. పెట్టె తీసుకుని వెళ్లిపోయింది. గదిలో పెట్టె ఉన్నచోట నేల మీద నాలుగు పలకల గుర్తు మిగిలింది. నేను ఆ గది ఖాళీ చేసేదాకా అక్కడ ఏమీ పెట్టలేదు.

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఉంటున్నాను. జుట్టు నెరిసింది, షన్‌ల పిచ్చి తగ్గింది. మొన్న ఒక గృహప్రవేశం కార్డు వచ్చింది. పెట్టెపిల్ల మిర్యాలగూడలో నర్సుగా పనిచేస్తూ ఇల్లు కట్టుకుంది. కార్డు అడుగున తన చేత్తో రాసింది: "టీచర్, అకామడేషన్ ఉన్నది. ఉండేటట్టు రావాలె."

"పొద్దున వెళ్లి భోజనం చేసి సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నారు మా ఆయన. నేను సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి సర్దాను. కాసేపాగి వంటింట్లోకి వెళ్లి, మామిడికాయ పచ్చడి సీసా తెచ్చి మగ్గులో పెట్టాను. "అక్కడ మగ్గు ఉండదా ఏంటి?" అన్నారాయన. ఉంటుంది. అయినా ఇరవై రెండేళ్ల ఆ తెలివితక్కువ టీచరు వద్దంటే వినలేదు, మగ్గును బకెట్లో పెట్టేసింది.