మల్కాపురం మసిలో నీలం వెలుగు

శనివారం ఉదయం ఆరుంబావుకి పద్మనాభంలో బస్సెక్కాను. సంచిలో రెండు ఖాళీ గాజు సీసాలు, ఒక బ్రష్షు, చెంచా. హైస్కూల్లో ఇన్నేళ్లుగా సైన్సు చెబుతున్నాను గానీ ఇంత హుషారుగా ఎప్పుడూ బయల్దేరలేదు. మల్కాపురంలో ఉండే మా అక్క వరలక్ష్మి, చుట్టుపక్కల ఫ్యాక్టరీల మసికి డాబా మీద ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయని, రెండేళ్ల పాపకి దగ్గు తగ్గట్లేదని రోజూ ఫోన్లో బాధపడుతోంది. నాతో చదువుకున్న రెబ్కా సిటీలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. "ఆ మసి పట్టుకురా, అందులో ఏముందో చూపిస్తా" అంది.

పక్క సీటాయన పోర్టులో పనిచేస్తాడట. సీసాలు చూసి, "ఏటమ్మా, తేనెకెల్తన్నావా?" అన్నాడు.

"మసికండీ."

"మసికి సీసాలేటమ్మా! మా ఇంటికొత్తే బస్తాడిత్తాను." చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు.

సిటీ బస్ కాంప్లెక్స్‌లో ఇడ్లీ తిని, బస్సు మారి, తొమ్మిదింటికి మల్కాపురం చేరాను. డాబా గోడ మీది దుమ్ము బ్రష్షుతో సీసాలోకి దులిపాను. కిందకి దిగితే పెరట్లో నీళ్లు కాచే పొయ్యి, దాని వెనక గోడంతా జిడ్డుగా నల్లటి మసి.

"ఇందులో ఏటి మండిస్తన్నావక్కా?"

"పుల్లలు, టైరు ముక్కలూ. ఏగిరంగా మండతాది."

చెంచాతో గీకి ఆ మసిని రెండో సీసాలో వేశాను. అక్క పాపని అత్తగారికి అప్పగించి, "నానూ వత్తాను. ఆ ఫ్యాక్టరీల మసేనని నా కళ్లతో సూడాల" అంటూ చెప్పులేసుకుంది.

పదకొండున్నరకి ల్యాబ్‌లో ఉన్నాం. రెబ్కా రెండు సీసాల్లోంచీ మసిని సమానంగా తూచి, ద్రావకంలో కలిపి, వడకట్టి, రెండు గాజు గొట్టాల్లో పోసింది. లైట్లార్పి అతినీలలోహిత దీపం వేసింది. డాబా మసి గొట్టం పలచగా నీలంగా మెరిసింది. పొయ్యి మసి గొట్టం మాత్రం నీలం వెలుగుతో భగ్గుమంది! నేను చిన్నపిల్లలా కేక పెట్టాను. ఆ వెలుగు వాటిదే: తేనెపట్టు గదుల్లా అతుక్కున్న కార్బన్ వలయాలు, పాలీసైక్లిక్ అరోమాటిక్ హైడ్రోకార్బన్లు. బొగ్గయినా, నూనయినా, టైరయినా సరిగ్గా కాలకపోతే పుడతాయని, పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతాయని, వాటిలో కొన్ని క్యాన్సర్ తెస్తాయని ఏటా బోర్డు మీద రాసేదాన్ని. కళ్లారా చూడటం ఇదే మొదలు.

అక్క మొహం పాలిపోయింది. "అయితే పాపకి ఇసం నానే పెడతన్నానా?"

రెబ్కా అక్క చెయ్యి పట్టుకుంది. "అలా అనుకోకక్కా. వెలుగు చూసి ఎందులో ఎంతుందో లెక్క తేల్చలేం, దానికి వేరే మెషినుంది. పాప దగ్గు దీనివల్లేనని కూడా చెప్పలేను, డాక్టరుకి చూపించు. బయట గాలి మన చేతిలో లేదు. పొయ్యి నీ చేతిలోదే కదా."

అక్క మల్కాపురం ఆటో ఎక్కేసింది. నేను నాలుగింటికి మద్దిలపాలెంలో బస్సెక్కాను. సంతోషించాలో, అక్కని ఏడిపించానని బాధపడాలో తెలియలేదు. ఆనందపురం దాటాక ఫోన్ మోగింది.

"టైరు ముక్కలన్నీ మీ బావ చేత పాతసామాన్లోడికి ఇప్పించేసాను. పక్కింటామె కూడా అయ్యే మండిస్తంది. సెప్తే నమ్మట్లేదే. ఆ లైటు ఒట్టుకుని మళ్లీ ఎప్పుడొత్తావ్?"

ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, ఒక్క రోజులో ఒక పొయ్యిని మార్చిన ప్రయాణం ఇదొక్కటే.

"వచ్చే శనివారమే!" అన్నాను. బస్సులో అందరూ వెనక్కి తిరిగి చూశారు.