షమీమ్ మేడం రెండో పీరియడ్

కుప్పంలో నా టేబుల్ మీద ఫోన్ గుర్రుమంటూ కదిలినప్పుడల్లా షమీమ్ మేడమే గుర్తొస్తారు. మధ్యాహ్న భోజనం ఫొటో ఏది, హాజరు ఎందుకు తగ్గింది, మరుగుదొడ్ల ఫొటో పంపలేదేం అని పొద్దుటి నుంచి పైఅధికారులది ఒకటే గోల. హెడ్మాస్టరు కుర్చీ అంటే ఏమిటో అందులో కూర్చున్నాకే తెలుస్తుంది.

మదనపల్లెలో నేను లెక్కల మాస్టరుగా చేరినప్పుడు ఆవిడ హెడ్మిస్ట్రెస్. రోజూ రెండో పీరియడ్ తొమ్మిదో తరగతికి సైన్సు ఆవిడే చెప్పేవారు. వెళ్ళేముందు ఫోన్ అటెండరు చేతికిచ్చి, "ఎవురు పిల్చినా క్లాసులో ఉండానని చెప్పప్పా" అనేవారు. అలాగని ఒత్తిడి ఎరగని మనిషేం కాదు. ఒకసారి స్టాఫ్ రూములో, "మొగ హెడ్మాస్టరు అరిస్తే స్ట్రిక్టంట. నేను అరిస్తే ఇంట్లో ఏదో గొడవంట" అన్నారు. నవ్వింది మేము, పడుతున్నది ఆవిడ.

టమాటా కోతలప్పుడు పిల్లలు తోటలకు పోయి బడి సగం ఖాళీ అయింది. పైఅధికారి రెండో పీరియడ్‌లోనే ఫోన్ చేశాడు. ఆవిడ ఫోన్ దగ్గరికి రాలేదు. ఎందుకు పలకలేదో చెప్పమని మెమో వచ్చింది. సస్పెండ్ చేస్తారేమోనని మేమంతా హడలిపోయాం. ఆవిడ ఒక్క వాక్యం జవాబు రాశారు: 'ఆ సమయంలో నేను పాఠం చెబుతున్నాను.' మెమో అక్కడితో ఆగిపోయింది. ఆ రోజు స్టాఫ్ రూములో మాకు పండగే.

తర్వాత నాకు పుంగనూరులో హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది. మగవాణ్ణి, ఎవరితో చెప్పుకుంటాను? అన్నీ కడుపులోనే పెట్టుకున్నాను. నిద్ర కరువైంది, బీపీ వచ్చింది. ఈ పదవి నాకొద్దు, మళ్ళీ మాస్టరుగానే పంపించండని అడిగేద్దామనుకున్నాను. ముందు ఆవిడతో ఒక మాట చెబుదామని బస్సెక్కి మదనపల్లె వెళ్ళాను. అప్పటికే రిటైరయ్యారు. టీ ఇచ్చి, అంతా విన్నారు.

"క్లాసుకు పోయి ఎన్నాళ్ళయిందప్పా?"

"తీరిక యాడుంది మేడం?"

"ఇష్టమైన పని పక్కన పెట్టి, ఇష్టం లేనివన్నీ చేస్తాండావు. జబ్బు రాక ఏమవుతాది? రేపు పోయి ఒక పీరియడ్ చెప్పి సూడు. ఆనక కుర్చీ వదులుకుందువులే."

మర్నాడు సుద్దముక్క పట్టుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళి భిన్నాలు చెప్పాను. బెల్లు కొట్టినా పిల్లలు కదల్లేదు, "ఇంకో లెక్క సార్" అన్నారు. ఎంత సంతోషమైందో చెప్పలేను. కుర్చీ వదల్లేదు.

కుప్పానికి బదిలీ అయ్యాక కూడా రోజుకొక పీరియడ్ ఆరో తరగతి లెక్కలు నావే. ఫోన్లు తగ్గలేదు, బీపీ మాత్రలూ మానలేదు. భయం మాత్రం పోయింది. మొన్న శాంతిపురం నుంచి ఒకాయన కొడుకును చేర్చడానికి వచ్చి, హెడ్మాస్టరు ఎవరని వరండాలో ఆరో తరగతి పిల్లల్ని అడిగాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నావైపు చెయ్యి చూపించారు.

"తెలీదన్నా. అదో, మా లెక్కల సారు ఉండారు, ఆయన్ని అడుగు."